మూడో గేటు: అంతా సవ్యం

తొమ్మిదో లారీ నంబరు రాసుకునేసరికే గ్రిసెల్డా చొక్కా వీపుకి అంటుకుపోయింది. టైము ఇంకా ఏడున్నరే. మెక్సికో వైపు నుంచి సరిహద్దు వంతెన దాటి అమెరికాలోకి వచ్చిన అవకాడో లారీలు రోడ్డు మలుపు దాకా బారులు తీరి ఉన్నాయి. ఒక్కో లారీ వెనక్కి నడవాలి. తలుపుకి వేసిన సీలు నంబరు చూడాలి, కాగితంలో నంబరుతో సరిపోల్చాలి, డ్రైవరు పేరు రాసుకోవాలి, వచ్చి గేటు కర్ర ఎత్తాలి, దించాలి. మళ్ళీ ఇంకో లారీ. నాలుగేళ్ళుగా ఈ పళ్ళ గోదాము మూడో గేటుకి కాపలా ఆమెదే.

"పోలీసమ్మా! ఇవాళైనా నన్ను అరెస్టు చేస్తావా లేదా?" నాచో లారీ కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు. వారానికి మూడుసార్లు వస్తాడు, మూడుసార్లూ అదే మాట.

"నిన్ను జైల్లో పెడితే తిండి ఖర్చు ఎవరు భరిస్తారయ్యా? ఆ పొట్ట చూడు. పోనీ, ముందుకి పోనీ."

నాచో హారను కొట్టుకుంటూ లోపలికి పోయాడు. ఆమె లాగ్‌బుక్ తీసి రాసింది. సమయం, నంబరు, సీలు, పేరు. అక్షరాలు అచ్చులో పోసినట్టు ఉంటాయి. గంట గంటకీ గేటు చుట్టూ తిరిగొచ్చి ఒక వాక్యం రాయాలి: గస్తీ తిరిగాను, అంతా సవ్యం. మిగతా గేట్ల వాళ్ళు పొద్దున్న రాగానే సాయంత్రం దాకా అన్ని గంటలకీ ఒకేసారి రాసి పడేసి ఫోను చూసుకుంటారు. గ్రిసెల్డా అలా రాయదు. కాలేజీలో రిపోర్టు రాయడం నేర్పిన లాంగోరియా మాస్టారు, రిటైరైన పోలీసాయన, బల్ల మీద పిడికిలితో కొట్టి చెప్పేవాడు: "కంటితో చూసిందే రాయండి. చూడనిది రాస్తే అది రిపోర్టు కాదు, దొంగ సాక్ష్యం." రెండేళ్ళ చదువుని ఈమె అయిదేళ్ళు పట్టి చదివింది. అందులో ఈ రేకు గదిలో పనికొచ్చింది ఈ ఒక్క ముక్కే.

ఆమెకి ముప్ఫై ఒకటో ఏడు. పొట్టి మనిషి, గట్టి ఒళ్ళు. ఎడమ మోచేతి కింద అరచేతి మేర చర్మం ముడతపడి మెరుస్తూ ఉంటుంది. టాకో రొట్టెల బండి దగ్గర పనిచేసే రోజుల్లో కాగే నూనె మీద పడింది. జుట్టు ఒక్క పోగు కూడా బయటికి రాకుండా మెడ మీద ముడి వేస్తుంది. పోలీసు శిక్షణలో ముడి అలాగే ఉండాలని ఎక్కడో చదివింది, అప్పటినుంచీ అలవాటు చేసుకుంది. కంపెనీ ఇచ్చింది ఒకే చొక్కా. గాలి ఆడని గుడ్డ. రోజూ సాయంత్రం ఉతికి ఆరేసుకోవాలి. భుజం మీది బ్యాడ్జి అంచు ఊడిపోతే వాళ్ళమ్మ ఒఫేలియా కుట్టింది. నల్లదారం అయిపోతే పసుపుదారంతో కుట్టింది. "దూరానికి బంగారంలా కనబడుతుందిలే" అంది.

రేకు గది నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. కిటికీకున్న ఏసీ మే నెలలో చచ్చిపోయింది. ఇది ఆగస్టు. ఏదో విడిభాగం తెప్పిస్తున్నామంటారు. మూలనున్న ఫ్యాను వేడిగాలిని ఈ గోడ నుంచి ఆ గోడకి మోస్తుంటుంది. వెనకాల, ముప్ఫై అడుగుల దూరంలో, కోల్డ్ స్టోరేజి. తెల్లటి గోడలు. అక్కడ అవకాడోలు, నిమ్మకాయలు, మామిడికాయలు ఒంటి మీద చెమట బొట్టు లేకుండా నిద్రపోతుంటాయి.

పదింటికి చెమా వచ్చాడు. యాభై అయిదేళ్ళుంటాయి. పళ్ళకి జ్వరం చూసే ఉద్యోగం. చేతిలో సన్నటి సూదున్న థర్మామీటరు. లారీ తెరిచి, పెట్టెలోంచి ఒక కాయ తీసి, సూది లోపలికి గుచ్చి అంకె చూస్తాడు. నలభై రెండు డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాలి. చేత్తో పట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోయే చలి అది. నలభై ఆరు దాటిందంటే ఫోన్లు మోగుతాయి, ఫొటోలు తీస్తారు, లారీకి లారీ వెనక్కి పోతుంది.

"ఏమ్మా ఆఫీసరమ్మా, కాఫీ తాగావా?" అంటూ ఆ సూది ఆమె గదిలో గాల్లోకి పట్టాడు. ఇద్దరూ అంకె చూశారు. నూట ఎనిమిది.

"మనిషికి ఇంత జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకుపోతారు," అన్నాడు చెమా. నవ్వబోయి ఆగిపోయాడు.

"నేను కాయనైతే బావుండేది బాబాయ్. నన్నూ వెనక్కి పంపేసేవారు."

"నీళ్ళు తాగుతున్నావా?"

"తాగుతున్నా."

తాగడం లేదు. సీసా బల్ల మీద మూత తీయకుండా ఉంది. మూడో గేటుకి మరుగుదొడ్డి లేదు. ఉన్నది ఒకటో గేటు దగ్గర, పోయిరావడానికి పన్నెండు నిమిషాలు. ఆ పన్నెండు నిమిషాలూ గేటు దగ్గర మనిషి లేదని కెమెరా చూపిస్తే హెచ్చరిక కాగితం ఇస్తారు. రెండు కాగితాలు ఇప్పటికే ఉన్నాయి. మూడోది వస్తే ఉద్యోగం పోతుంది. మగవాళ్ళు లారీ చాటుకి పోతారు. ఆడమనిషి ఎక్కడికి పోతుంది? అందుకని పెదాలు తడుపుకుని సీసా పక్కన పెట్టేస్తుంది. నాలుగేళ్ళ నుంచీ ఇంతే. మధ్యాహ్నానికి తల పగిలిపోతుంటే అది ఎండ అనుకుంటుంది.

ఇవాళ మాత్రం తలనొప్పిని కూడా లెక్కచేయలేదు. పోలీసు ఉద్యోగం వచ్చిందో లేదో చెప్పడానికి షెరీఫ్ ఆఫీసు నుంచి ఇవాళ ఫోను వస్తుంది.

ఆ కోరిక ఇప్పటిది కాదు. ఆమెకి పదకొండేళ్ళప్పుడు వాళ్ళుండే రేకుల ఇల్లు కాలిపోయింది. అందరూ అరుస్తున్నారు, ఏడుస్తున్నారు. యూనిఫారమ్ వేసుకున్న ఒక ఆవిడ వచ్చి గ్రిసెల్డాని కారు బానెట్ మీద కూర్చోబెట్టి, చేతిలో పిప్పరమెంటు బిళ్ళ పెట్టి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి పేరు అడిగింది. ఒక్కో అక్షరం అడిగి రాసుకుంది. రాసింది తిప్పి చూపించింది: "సరిగ్గా రాశానా తల్లీ?" అంత మంటలో, అంత పొగలో, ఒకావిడ తన పేరు తప్పు లేకుండా రాసుకుంది. ఆ రోజే అనుకుంది, పెద్దయ్యాక ఆ పుస్తకం తన జేబులో ఉండాలని.

కమ్యూనిటీ కాలేజీ వాళ్ళ పోలీసు కోర్సు ప్రకటన కాగితం మీద నీలం యూనిఫారమ్‌లో నవ్వుతున్న అమ్మాయి బొమ్మ ఉంది. కింద ఏడాదికి నలభై ఎనిమిది వేల డాలర్ల జీతం అని లావు అక్షరాలతో ఉంది. సంతకం పెట్టమన్న చోటల్లా పెట్టింది. పద్నాలుగు వేల డాలర్లు అప్పు. పోలీసు కావాలంటే ఈ డిగ్రీ అక్కర్లేదని, శిక్షణ వేరే ఉంటుందని, దానికి మళ్ళీ ఎంపిక వేరే ఉంటుందని ఆ కాగితంలో ఎక్కడా లేదు. ఆఖరి ఏడాదిలో తెలిసింది. క్లాసులో ఇరవై ఆరుగురు. అందులో పోలీసైంది ఒక్కడు. వాడి మేనమామ పోలీసు. ఇద్దరు జైల్లో కాపలా. మిగిలినవాళ్ళు దుకాణాల్లో, గోదాముల్లో, గేట్ల దగ్గర. చదువుకి ముందు టాకో బండి దగ్గర గ్రిసెల్డాకి గంటకి తొమ్మిది డాలర్లు. చదివాక పదకొండున్నర. పెరిగిన ఆ రెండున్నర కోసం చేసిన అప్పు వడ్డీతో కలిసి పంతొమ్మిది వేలు దాటింది. కాలేజీ వాళ్ళు మాత్రం ఏటా కొత్త కాగితం వేస్తూనే ఉన్నారు. అమ్మాయి బొమ్మ మారింది, నవ్వు అదే.

పదకొండింటికి సూపర్‌వైజరు రూబెన్ చల్లటి కారులోంచి దిగి, తలుపు మూయకుండానే మాట్లాడాడు. "ఇవాళ బీమా వాళ్ళు తనిఖీకి వచ్చారు. పన్నెండింటికల్లా అన్ని గేట్ల షీట్లూ ఫొటో తీసి పంపాలి. పూర్తి షీట్లు కావాలి. ఆరింటి దాకా రాసి సంతకం పెట్టెయ్."

"ఇప్పుడు పదకొండే కదండీ."

"అయితే?"

"జరగనిది ఎలా రాస్తాను?"

"ఏం జరుగుతుందమ్మా ఇక్కడ? అవకాడోలు దొంగతనం చేసి పారిపోతాయా?" రూబెన్ నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి కారు తలుపు మీద వేళ్ళతో తాళం వేశాడు. "షెరీఫ్ ఆఫీసు నుంచి సార్జెంటు ట్రెవీన్యో నిన్న నాకు ఫోను చేశాడు. నీ గురించి అడిగాడు. మంచి పిల్ల అని చెప్పాను. మళ్ళీ చేస్తే ఏం చెప్పమంటావు? చెప్పిన మాట వినదని చెప్పనా?"

గ్రిసెల్డా పెన్ను తీసింది. పన్నెండు గంటలు, గస్తీ తిరిగాను, అంతా సవ్యం. ఒంటిగంట. రెండు. మూడు. నాలుగు. అయిదు. అక్షరం వణకలేదు. ఆరు గంటల గడి దగ్గర ఒక్క క్షణం ఆగి, అందులోనూ రాసి, కింద పూర్తి పేరుతో సంతకం పెట్టింది. రూబెన్ ఫొటో తీసుకుని, "అంతేగా! దీనికింత కథా!" అని కారెక్కాడు. నాలుగేళ్ళలో ఆమె రాసిన మొదటి అబద్ధం అది.

పన్నెండింటికి భోజనం. అరగంట సేపు ఒకటో గేటు అతను వచ్చి నిలబడతాడు. ఆ అరగంట చెమా పుణ్యమా అని ఆమె కోల్డ్ స్టోరేజి లోపల పెట్టెల మీద కూర్చుని తింటుంది. రోజు మొత్తంలో ఒంటికి దొరికే చల్లదనం అదొక్కటే. మధ్యాహ్నం నుంచి ఆరింటి దాకా కాసే ఎండని ఆ అరగంట మీదే ఈదుతుంది. కానీ ఆ మందపాటి గోడల లోపల ఫోను పనిచేయదు. ఇవాళ లోపలికి వెళ్ళలేదు. బీన్స్ పెట్టి చుట్టిన రొట్టె చేత్తో పట్టుకుని, గోడ నీడ కూడా లేని చోట, ఫోనులో మూడు గీతలు కనబడిన చోట నిలబడింది. పన్నెండూ ఇరవైకి మోగింది.

"గ్రిసెల్డా ఒలివారెస్ గారేనా? ట్రెవీన్యోని మాట్లాడుతున్నా."

"చెప్పండి సార్."

"రాతపరీక్షలో మూడో స్థానం మీది. పరుగులోనూ బాగా వచ్చారు. మీ వీధిలో ఎవర్ని అడిగినా మంచి మాటే చెప్పారు. ఆ మాట ముందు చెప్పాలి." గొంతు మంచివాడిదే. మంచివాళ్ళకే ఇలాంటి ఫోన్లు చేసే పని అప్పజెబుతారు. "ఒక్కటే అడ్డొచ్చిందమ్మా. మీ చదువు అప్పు ఎగవేత కింద నమోదై ఉంది."

"ఎగవేతా? లేదు సార్, నేను గడువు అడిగాను. ఇచ్చారు."

"ఆ గడువు పోయినేడు అయిపోయింది. మీ ఇంటికి మూడు ఉత్తరాలు పంపారట. జవాబు రాలేదట."

ఆమె ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"అప్పుల్లో మునిగిన మనిషి లంచానికి లొంగే ప్రమాదముందని మా నిబంధన. నేను రాసింది కాదమ్మా అది."

"ఆ అప్పు చేసిందే మీ ఉద్యోగం కోసం సార్."

"తెలుసు. తీర్చేసి మూడేళ్ళ తర్వాత మళ్ళీ దరఖాస్తు పెట్టుకోండి."

"ఈ జీతం మీద అది తీరదు సార్. మీ జీతం మీద తీరుతుంది."

అవతల కాగితం తిప్పిన చప్పుడు. "మన్నించండి," అన్నాడు ట్రెవీన్యో. పెట్టేశాడు.

ఎవరి మీద అరవాలి? అప్పిచ్చినవాడి ముఖం ఆమె ఎప్పుడూ చూడలేదు. కాలేజీ మెట్ల మీద ఇప్పుడు ఇంకెవరి కూతురో కాగితం పట్టుకుని నిలబడి ఉంటుంది. రొట్టె చేతిలోనే ఎండిపోయింది. అరగంట అయిపోయిందని ఒకటో గేటు అతను ఈల వేశాడు. వెళ్ళి రేకు గదిలో కూర్చుంది. అప్పటికే ఒంటికి చెమట పట్టడం ఆగిపోయింది. చల్లబడ్డానేమో అనుకుంది.

ఒంటిగంటకి అమ్మ ఫోను. రోజుకి మూడుసార్లు చేస్తుంది ఒఫేలియా. లారీ తిరగబడిందేమో, ఎవడైనా తుపాకీతో వచ్చాడేమో, కుర్చీ విరిగి పడిందేమో. కూతురి గొంతు వినే దాకా ఆమెకి అన్నీ జరిగిపోయినట్టే.

"నీళ్ళు తాగావా తల్లీ?"

"తాగానమ్మా."

"నిజం చెప్పు."

"సగం సీసా."

"వాళ్ళు చేశారా ఫోను? కొవ్వొత్తి వెలిగించి కూర్చున్నా పొద్దుట్నించీ."

"ఇంకా లేదు." గ్రిసెల్డా నాలుక తడారి అంగిలికి అంటుకుంది. "అమ్మా, మనింటికి ఆ కిటికీ ఉన్న ఆఫీసు ఉత్తరాల కవర్లు ఏమైనా వచ్చాయా? పోయినేడు?"

ఒఫేలియా తమ్ముడు అలాంటి కవరు అందుకునే, రమ్మన్నారు కదా అని ఇస్త్రీ చొక్కా వేసుకుని వలసల ఆఫీసుకి వెళ్ళాడు. తిరిగి రాలేదు. సాయంత్రానికల్లా నది అవతలికి, మెక్సికోకి పంపేశారు. అప్పటినుంచీ ముందు వైపు పేరు కనబడే కాగితపు కిటికీ ఉన్న ఏ కవరునీ ఆమె విప్పలేదు, ఎవర్నీ విప్పనివ్వలేదు.

"వచ్చాయి," అంది ఒఫేలియా చిన్నగా. "మూడు. నీ పేరు మీదే. అమ్మవారి పటం వెనక పెట్టేశాను. అక్కడ పెడితే ఎవరూ నిన్ను తీసుకుపోలేరు. ఎందుకు? ఏమైనా తప్పు చేశానా?"

ఒక లారీ హారను కొట్టింది. గ్రిసెల్డా కళ్ళు మూసుకుంది. ఇప్పుడు ఒక్క మాట అంటే చాలు, ఆ తల్లి బతికినన్నాళ్ళూ ఆ పటం ముందు మోకాళ్ళ మీద నుంచి లేవదు.

"లేదమ్మా. మంచి పని చేశావు. అక్కడే ఉండనీ."

"సాయంత్రం నీకిష్టమని కోడి పులుసు పెడుతున్నా. తొందరగా రా."

"ఆరింటికల్లా దిగిపోతా."

ఒంటిగంటన్నర దాటాక వచ్చిన లారీ సీలు నంబరు రెండుసార్లు తప్పు చదివింది. డ్రైవరు, "కళ్ళద్దాలు కొనుక్కో పోలీసమ్మా, జీతమొచ్చాక," అన్నాడు. ఆమె నవ్వినట్టే ఉంది. తిరిగి గదిలోకి వచ్చి గోడ పట్టుకుని కూర్చుంది. సీసా మూత తిప్పబోయింది. వేళ్ళకి బలం చాలలేదు. సీసాని ఒళ్ళో పెట్టుకుంది. గడ్డం మెల్లగా ఛాతీ మీదికి దిగింది. ముడి ఊడలేదు, ఒక్క పోగు కూడా చెదరలేదు.

రెండూ పావుకి వచ్చిన లారీ అతను మూడుసార్లు హారను కొట్టి, దిగి, కిటికీలోంచి చూసి, "డ్యూటీలో నిద్రా! బావుంది ఉద్యోగం!" అని తనే గేటు కర్ర ఎత్తుకుని పోయాడు. తర్వాత వచ్చినవాడు అతన్ని చూసి అలాగే చేశాడు. మొత్తం ఏడు లారీలు. ఏడు లారీల కాయలకీ లోపల సూది గుచ్చి వేడి చూశారు. అన్నీ నలభై రెండే. మూడున్నరకి సీలు నంబర్ల కాగితం కోసం చెమా వచ్చాడు. "ఆఫీసరమ్మా," అని పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. తర్వాత పేరు పెట్టి పిలిచాడు. భుజం పట్టుకున్నవాడు, పొయ్యి మీది పెనం తాకినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆ తర్వాత ఆమెని రెండు చేతులా ఎత్తుకుని కోల్డ్ స్టోరేజి వైపు పరిగెత్తాడు. యాభై అయిదేళ్ళ మనిషి, ముప్ఫై అడుగులు, "తలుపు తియ్యండ్రా, తలుపు తియ్యండ్రా" అని అరుస్తూ. పెట్టెల మధ్య, ఆ చల్లటి నేల మీద పడుకోబెట్టాడు. అప్పటికి అవసరం దాటిపోయింది.

మూడు వారాల తర్వాత ఇంకో కిటికీ కవరు వచ్చింది. ఒఫేలియా ఈసారి దాన్ని పటం వెనక పెట్టలేదు. తీసుకుపోవడానికి ఇంట్లో ఎవరూ లేరు కదా. తనే చింపి, చదివి పెట్టమని చెమాకి ఇచ్చింది. చనిపోయినట్టు ధ్రువపత్రం పంపితే అప్పు మొత్తం రద్దు చేస్తామని అందులో ఉంది. విద్యార్థినికి అభినందనలు అని లేదు గానీ, ఆ గొంతుతోనే ఉంది.

"అంటే?" అని అడిగింది ఒఫేలియా.

"అంటే, ఇంక కట్టక్కర్లేదంట వదినా."

"ఇంత సులువుగా పోయేదా అది?" అంది ఒఫేలియా. చెమా ఉత్తరం మడతపెట్టాడు. విప్పాడు. మళ్ళీ మడతపెట్టాడు.

నష్టపరిహారం అడగడానికి చెమా ఆమెని వెంటబెట్టుకుని కంపెనీకి వెళ్ళాడు. బల్ల అవతల టై కట్టుకున్నాయన చాలా మర్యాదగా కుర్చీ చూపించాడు, మంచినీళ్ళు ఇప్పించాడు. ఆ గది చల్లగా ఉంది. "మీ అమ్మాయికి డ్యూటీలో ఏ ఇబ్బందీ వచ్చినట్టు మా రికార్డులో లేదమ్మా," అన్నాడు. "తను స్వయంగా రాసిందే చూడండి." పక్కన కూర్చున్న రూబెన్ తల ఎత్తలేదు. చెమా బల్ల మీద ఒక్క గుద్దు గుద్దాడు. "పదకొండింటికి తీసినట్టు ఫొటో మీదే ఉంది, అందులో ఆరింటి రాత ఎలా ఉందయ్యా?" అని అరిచాడు. టై కట్టుకున్నాయన, ఆ సంగతి వకీళ్ళు చూస్తారన్నాడు.

ఒఫేలియా వాళ్ళ గొడవ వినలేదు. చదవడం అంతగా రాని మనిషి, కాగితం మీద వేలు పెట్టి మెల్లగా కిందికి జరుపుతోంది. అది తన బిడ్డ చేతిరాత. అచ్చులో పోసినట్టున్న అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. రెండు గంటలు: గస్తీ తిరిగాను, అంతా సవ్యం. మూడు గంటలు: గస్తీ తిరిగాను, అంతా సవ్యం. నాలుగు. అయిదు. వేలు ఆఖరి గడి దగ్గర ఆగింది. ఆరు గంటలు: డ్యూటీ దిగాను, ఇంటికి బయలుదేరాను.